విహారస్థలిలో పేకబల్ల: పోకర్ టోర్నమెంట్ల చరిత్రలో బయటివాడి స్థానం

కీలకపదాలు: పోకర్, టోర్నమెంటు, కాసినో, విహారయాత్ర, జూదచట్టాలు, లాస్ వేగాస్, గోవా.

1. ఉపోద్ఘాతం

1863లో ఫ్రాన్స్వా బ్లాంక్ మొనాకోలో జూదగృహం నడిపే హక్కును చేజిక్కించుకొని, అందుకోసం ఒక సంస్థను స్థాపించాడు. దాని ఫ్రెంచి పేరును తెలుగులో చెప్పాలంటే ‘సముద్రస్నానాల, విదేశీయుల మండలి సంఘం’ అవుతుంది. ఆ పేరులో జూదం లేదు; స్నానం ఉంది, విదేశీయుడు ఉన్నాడు. విలాసవంతమైన విహారస్థలికీ జూదానికీ కుదిరిన పొత్తు స్వభావమంతా ఈ రెండు మాటల్లోనే ఇమిడి ఉంది. 1868లో మాంటెకార్లోకు రైలుమార్గం వచ్చింది. మరుసటి ఏడాది మూడవ షార్ల్ ప్రభువు తన ప్రజలకు ప్రత్యక్ష పన్నులు రద్దు చేశాడు. ఆ ప్రజలకు మాత్రం కాసినోలో ఆడే హక్కు లేదు. బయటివాడు ఓడిన సొమ్ముతో రాజ్యం నడవాలి, ఇంటివాడు ఆటకు దూరంగా ఉండాలి అన్న ఏర్పాటు అక్కడ స్థిరపడింది.

సెలవుల్లో ఖరీదైన రిసార్టుకు వెళ్లి పోకర్ టోర్నమెంటు ఆడే నేటి ఆచారం ఈ ఏర్పాటుకు దగ్గరి చుట్టం. అయితే టోర్నమెంటు అనే రూపం మాంటెకార్లోలో పుట్టలేదు. సంచార జూదరుల మధ్య పుట్టిన ఆట విహారయాత్రికుడి చేతికి ఎలా వచ్చిందో, అందులో ఎవరికి ఏం మిగిలిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. ఫ్రెమాంట్ వీధి

నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. టెక్సాస్‌లో అది నేరమే. అక్కడి పేకాటరాయుళ్లు ఊరూరా తిరిగి, పోలీసుకూ దోపిడీదారుకూ సమానంగా భయపడుతూ ఆడేవారు. డల్లాస్ నుండి లాస్ వేగాస్‌కు తరలి వచ్చిన బెన్నీ బినియన్ 1951లో ఫ్రెమాంట్ వీధిలో హార్స్‌షూ కాసినోను తెరిచాడు. 1969లో రీనో పట్టణంలోని ఒక కాసినోలో టెక్సాస్ జూదరుల సమావేశం జరిగింది. మరుసటి సంవత్సరం బినియన్ దానిని తన దగ్గరికి తెచ్చుకొని ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ అని పేరు పెట్టాడు.

1970 నాటి విజేత జానీ మాస్‌ను ఆటగాళ్లు ఓటు వేసి ఎన్నుకున్నారు. జూదంలో విజేతను ఓటుతో తేల్చడం విడ్డూరమే. ఈ లోపాన్ని సవరించడానికే 1971లో ‘ఫ్రీజౌట్’ పద్ధతి వచ్చింది. అందరూ ఒకే ప్రవేశ రుసుము చెల్లించి సమానమైన చిప్పులు తీసుకుంటారు; చిప్పులు అయిపోయినవాడు లేచిపోతాడు; చివరికి మిగిలినవాడు విజేత. ఆ ఏడూ మాసే గెలిచాడు. 1972లో రుసుము 10,000 డాలర్లు అయింది. బల్ల చుట్టూ కూర్చున్నది 8 మంది.

3. రుసుము, గడియారం, నిర్వాహకుని వాటా

పైకి చిన్నదిగా కనిపించే ఈ మార్పు జూదం స్వరూపాన్నే మార్చింది. నగదు ఆటలో ఓడినవాడు మళ్లీ జేబులో చెయ్యి పెట్టవచ్చు. తెల్లవారేసరికి ఇల్లూ పొలమూ పోవచ్చు. ఫ్రీజౌట్‌లో పోగొట్టుకోగలిగినది ఎంతో ఆట మొదలుకాకముందే తెలుసు. రైలు టిక్కెట్టు, గది అద్దె, భోజనం ఖర్చు పక్కన రాసుకోగలిగిన పద్దుగా నష్టం మారింది. తప్పనిసరి పందేలైన బ్లైండ్లు నిర్ణీత సమయానికొకసారి పెరుగుతాయి కనుక ఆట ఎన్ని రోజుల్లో ముగుస్తుందో కూడా దాదాపు ముందే చెప్పవచ్చు. సెలవు చీటీకి సరిపోయే జూదం ఇదే మొదటిది అనడం అతిశయోక్తి కాదు.

1978 వరకు సొమ్మంతా విజేతదే. ఆ ఏడాది మొదటిసారి ఐదుగురికి బహుమతులు పంచారు. ఆ తరువాతి కాలంలో ఎరిక్ డ్రాక్ ‘శాటిలైట్’ అనే చిన్న ఆటలను వ్యాప్తిలోకి తెచ్చాడు. పదిమంది తలా వెయ్యి డాలర్లు వేసుకొని ఆడితే గెలిచినవాడు పెద్ద ఆటలో స్థానం పొందుతాడు. 1983లో అలా ప్రవేశించిన టామ్ మెకెవాయ్ 108 మందిలో గెలిచి 540,000 డాలర్లు అందుకున్నాడు. వృత్తి జూదరుల పంక్తిలో మామూలు మనిషికి విస్తరి పడింది. 2000లో ఒక పత్రికకు వ్యాసం రాయడానికి వెళ్లిన రచయిత జేమ్స్ మెక్‌మానస్ తనకు ముందుగా ఇచ్చిన పారితోషికంతో శాటిలైట్ ఆడి, పెద్ద ఆటలో ఐదవ స్థానం దాకా వెళ్లాడు.

ఇక్కడ ఆర్థిక చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రౌలెట్‌లో ఆటగాడి ప్రత్యర్థి కాసినోయే. పోకర్‌లో ఆటగాళ్లు ఒకరి సొమ్ము మరొకరు గెలుస్తారు. కాసినోకు దక్కేది ప్రవేశ రుసుములో కొంత భాగం మాత్రమే. ఈ వాటా కొత్తది కాదు. అర్థశాస్త్రం ద్యూతాధ్యక్షుడికి గెలిచిన సొమ్ములో నూటికి ఐదు పాళ్లు, పాచికల అద్దె, నీటికీ స్థలానికీ రుసుము నిర్ణయించింది. కౌటిల్యుడు నీటికి కూడా లెక్క కట్టడం గమనార్హం. ఒక పోకర్ బల్ల ఆక్రమించే చోటులో స్లాట్ యంత్రాలు పెడితే ఎక్కువ రాబడి వస్తుందని కాసినో యజమానులకు తెలియనిది కాదు. అయినా 1989లో మిరాజ్, 1998లో బెల్లాజియో పెద్ద పోకర్ గదులతో వెలిశాయి. పోకర్ ఆడేవాడు నాలుగు రాత్రులు గది తీసుకుంటాడు, భోంచేస్తాడు, వెంట వచ్చినవారు ప్రదర్శనలు చూస్తారు, ఓడిపోయినవాడు దారిలో మరో బల్ల దగ్గర ఆగుతాడు. సాధారణంగా టోర్నమెంట్లలో నూటికి పది, పదిహేను మందికి మించి బహుమతి అందదు. మిగిలినవారికి సాయంత్రాలు ఖాళీ. విహారస్థలి బతికేది ఈ ఖాళీ సాయంత్రాల మీదనే.

పెద్ద ఆట రుసుము 1972 నుండి నేటిదాకా 10,000 డాలర్లే. ద్రవ్యోల్బణాన్ని లెక్కిస్తే ఆనాటి ఆ మొత్తం నేటి డెబ్బై వేలకు పైమాటే. అంకె మారకపోవడం వల్లనే తలుపు ఏటేటా మరింతగా తెరుచుకుంది.

4. కెమెరా, ఓడ, ద్వీపం

2003లో ఇంటర్నెట్ శాటిలైట్ ద్వారా వచ్చిన అకౌంటెంటు క్రిస్ మనీమేకర్ 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు పొందాడు. ఆటగాళ్ల మూసిన ముక్కలను చూపే కెమెరా అప్పటికే టెలివిజన్‌లోకి వచ్చింది. 2004లో 2,576 మంది, 2006లో 8,773 మంది పాల్గొన్నారు. ఫ్రెమాంట్ వీధి ఇరుకైపోయి, 2005లో పోటీ రియో హోటల్‌కు మారింది.

ఇంటర్నెట్ సంస్థలు గెలుపుకు బహుమతిగా ప్రయాణాన్నే ఇవ్వసాగాయి. 2004 జనవరిలో ‘కరీబియన్ అడ్వెంచర్’ టోర్నమెంటు విహారనౌక మీద జరిగింది. మరుసటి ఏడాది బహామాస్‌లోని అట్లాంటిస్ రిసార్టుకు మారింది. జనవరి ఎంపిక యాదృచ్ఛికం కాదు: ఉత్తరాన మంచు కురిసే రోజులవి. 2005 మార్చిలో ‘యూరోపియన్ పోకర్ టూర్’ తన తొలి తుది పోటీని మాంటెకార్లోలోనే జరిపింది. బహామాస్ చట్టం ప్రకారం ఆ దేశ పౌరులు రిసార్టు కాసినోలలో ఆడరాదు. వారు ముక్కలు పంచవచ్చు, గదులు శుభ్రం చేయవచ్చు, ఆటకు కూర్చోరాదు. బ్లాంక్ నాటి ఏర్పాటు సముద్రం దాటి చెక్కుచెదరకుండా నిలిచింది.

5. సికింద్రాబాదు తీర్పు నుండి మాండోవి దాకా

ఈ చరిత్రకు తెలుగునేలతో సంబంధం రమ్మీ ద్వారా ఏర్పడింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పడిన కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని తీర్పునిచ్చింది. మూడు ముక్కల ఆటను కేవలం అదృష్టానికి వదిలింది. అయితే నిర్వాహకుడు ఆట నుండి లాభం పొందుతుంటే నేరం కావచ్చునని కూడా అన్నది. తరువాతి చర్చలన్నీ నైపుణ్యమా, అదృష్టమా అన్న మొదటి భాగాన్నే పట్టుకున్నాయి. అసలు బరువున్నది రెండవ భాగంలో. ఆట స్వభావం ఏదైనా, వాటా తీసుకొనేవాడు ఓడిపోడు.

తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను జూదచట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే నైపుణ్యక్రీడలకు ఉన్న మినహాయింపును కుదించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యం అదృష్టం అన్న భేదం లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. మనీమేకర్ నడిచిన దారి భారతీయుడికి మూతపడింది. ప్రయాణం మాత్రం మిగిలింది. గోవా 1992 సవరణతో ఐదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాలకు, 1996 సవరణతో ఓడలపై బల్ల ఆటలకు అనుమతించింది. సొంత ఊళ్లో పేకాడితే కేసు ఎదుర్కొనే తెలుగువాడు మాండోవి నదిలో లంగరు వేసిన ఓడ మీద అతిథిగా కూర్చోవచ్చు. 2020 ఫిబ్రవరి 1 నుండి గోవా నివాసులకు ఆ ఓడలపై ఆడేందుకు ప్రవేశం లేదు. గుర్తింపు కార్డులో వయసుతోపాటు చిరునామాకు కూడా అక్కడ విలువ ఏర్పడింది.