కల్లు మండువ – చెట్టుపై హక్కు



హాలియా యనగానే నేటివారికి నాగార్జునసాగరపు ఎడమకాలువయు, వరిచేలును స్ఫురించును. సాగరమునకు శంకుస్థాపన జరిగినది 1955 డిసెంబరు 10న. కాలువలకు నీరు వదలినది 1967 ఆగస్టు 4న. అంతకు పూర్వము ఈ నల్లగొండ మెట్టనేలలలో వాగుల యొడ్డునను, చేలగట్లమీదను తాటిచెట్లే కనులకు తగులుచుండెడివి. ఆ చెట్లను నమ్ముకొనిన గౌడ కుటుంబముల కల్లు మండువను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. త్రాగుట మంచిదా, చెడ్డదా యను వాదమునకు నేను దిగను. చెట్టెక్కువానికి ఆ చెట్టుపై హక్కెంత యనునదే నా విచారము.

మండువ యనగా కుటుంబమంతయు పనిచేయు చోటు. మగవాడు మోకు, ముస్తాదు తగిలించుకొని ఉదయ సాయంకాలములు చెట్టెక్కి, గెల కొనను కత్తితో పలుచగా చెక్కి లొట్టి కట్టును. ఎక్కువ చెక్కినచో గెల త్వరగా తరిగిపోవును. తక్కువ చెక్కినచో రసమూరదు. ఈతచెట్టునకైనచో గెలను గాక మొవ్వు క్రింది మానునే గీయవలెను. లొట్టిలో సున్నము పూసినచో దిగునది తియ్యని నీరా. పూయనిచో కంటికి కనబడని జీవులే దానిని పులియజేసి కల్లు చేయును. ఉదయపు తీపి మధ్యాహ్నమునకు పులుపెక్కును. ఇల్లాలు కొలిచి పోయును, పద్దులు నోటనే యుంచుకొనును. తాటాకు రేకలో త్రాగిన రుచిని పెద్దలకు నేను వర్ణింపనక్కరలేదు.

ఇంగ్లండు గ్రామములలోను కుటుంబములే నడుపు పానశాలలు కలవు. అచట పీపాలోనే జీవముతో పులియుచుండు యవసురను ఏల్ అందురు. పెద్ద కంపెనీలు దానిని మరుగుపరచి నిర్జీవమైన బీరును అమ్మజూపగా, 1971లో త్రాగువారే సంఘముగ నేర్పడి పాత ఏలు కొరకు పోరాడిరి. వారి తగవు కంపెనీలతో. మన గౌడుల తగవు తరతరములుగా సర్కారుతో.

ఆ తగవు పాతది. ఖిలాషాపురపు సర్వాయి పాపన్నను మొగలాయి చరిత్రకారుడు ఖాఫీఖాన్ కల్లమ్మువానిగా పేర్కొనెను. అతడు 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో పట్టుబడి చంపబడెను. చరిత్రకారునికి అతడు దొంగ. మన జానపదులకు నేటికిని వీరుడు.

నిజాము సంస్థానమున అబ్కారీ ఖజానాకు ప్రధానమైన రాబడి. ఫసలీ 1316లో, అనగా 1906–07 ప్రాంతమున, అబ్కారీ చట్టము వెలసినది. దుకాణములను వేలము వేయగా, హెచ్చుపాట పాడిన గుత్తేదారు చేతికవి పోయెడివి. చెట్టుకు పన్ను వేరు. ప్రాణము పణముగా పెట్టి చెట్టెక్కువాడు, తన చేతిగీత కల్లు తానమ్ముకొనుటకు గుత్తేదారు దయకై కాచియుండవలసి వచ్చెను. నా దృష్టిలో గౌడుని స్వతంత్రుని గాక కూలివానిని చేసినది ఈ వేలమే.

1947లో సంస్థానము భారత యూనియన్‌లో చేరవలెనని పోరిన స్టేట్ కాంగ్రెసు కార్యకర్తలు, సర్కారు రాబడిని దెబ్బతీయుటకై పలుచోట్ల తాటి, ఈతచెట్లను నరికిరి. ఉద్దేశము న్యాయమైనదే. కాని ఆ గొడ్డలి గీతగాని లొట్టికిని తగిలినది గదా!

పిమ్మటి కాలమున గీత కార్మికుల సహకార సంఘములకును, ‘గీతగానికే చెట్టు’ అను పథకము క్రింద వ్యక్తులకును లైసెన్సులిచ్చు పద్ధతి వచ్చినది. ఇది మేలైన మార్పు. కాని చెట్లు తక్కువై గిరాకి యెక్కువైన చోట్ల క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం వంటి మందులు నీళ్ళలో కలిపి కల్లు పేర అమ్ము దుర్మార్గము ప్రబలినది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అట్టి కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. చెట్టెరుగని దుకాణముల వలన చెట్టెక్కువానికి చెడ్డపేరు వచ్చుచున్నది.

చెట్టుమీదినుండి పడి చచ్చినవారును, నడుము విరిగి మంచము పట్టినవారును లేని గౌడవాడ అరుదు. 2024 జులైలో ప్రభుత్వము వారి కులదైవమగు కాటమయ్య పేర రక్షణ మోకులను పంచుట మొదలిడినది. మోకు వచ్చినది సరే, ఎక్కుటకు చెట్టుండవలెను. తాటిగింజ నాటిన పండ్రెండు, పదునైదేండ్లకు గాని గీతకు రాదు. కాలువ నీరు వచ్చినపిమ్మట గట్లను చదునుచేసి మళ్ళలో కలుపుకొనినవారు ఆ గింజను మరల నాటుట నేను మిక్కిలి అరుదుగా చూచితిని.