భోజనపు బల్లమీద పుట్టిన సంస్థ

తల్లియైన స్త్రీ ఉన్న ఉద్యోగము వదలి సొంత వ్యాపారమునకు పూనుకొన్నచో, ఆమెకు కొలువుమీద శ్రద్ధ తగ్గినదని మనము తేలికగా తలచుచుందుము. ఇంగ్లాండులో 1962లో వెలసిన ఒక చిన్న సంస్థ చరిత్రను చూచినచో ఈ తలంపు నిలువదు.

అప్పటి కొలువుల తీరు ముందు తెలియవలెను. వివాహమైన స్త్రీ ఉద్యోగము వదలవలెనను నియమము ఆ దేశపు సివిల్ సర్వీసులో 1946 వరకు ఉండెను. విదేశాంగశాఖలో 1973 వరకు సాగెను. నియమము పోయినచోట కూడ అలవాటు పోలేదు. గణితము చదివి కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చిన స్త్రీలు సైతము బిడ్డ పుట్టగనే ఇల్లు చేరుచుండిరి. వారి విద్య వంటింటి గోడలనడుమ అణగిపోవుచుండెను.

శ్రీమతి స్టెఫానీ షర్లీ 1933లో జర్మనీలో జన్మించెను. నాజీల బారినుండి తప్పింపబడిన పిల్లలలో ఒకతెగా, ఐదేండ్ల ప్రాయమున, 1939లో ఇంగ్లాండు చేరెను. తపాలాశాఖవారి డాలిస్ హిల్ పరిశోధనాలయములో పనిచేయుచు, సాయంకాలపు తరగతులకు పోయి గణితమున పట్టము పొందెను. పిదప ఒక కంప్యూటరు కంపెనీలో చేరెను. ఎంత నేర్పున్నను స్త్రీకి ఒక మెట్టు దాటి పైకిపోవు త్రోవ లేదని గ్రహించి, ఆ కొలువు విడిచి, 1962లో ఆరు పౌనుల పెట్టుబడితో ఇంటి భోజనపు బల్లమీదనే 'ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్' అను సంస్థను ప్రారంభించెను. మరుసటి యేట ఆమెకు కుమారుడు కలిగెను.

ఆమె పనికి పిలిచినది తనవంటి తల్లులనే. ఆ రోజులలో ప్రోగ్రాము వ్రాయుటకు యంత్రము ఎదుట కూర్చుండ నక్కరలేదు. కాగితము, పెన్సిలు, కుదురైన బుద్ధి ఉన్న చాలును. బిడ్డ నిదురించిన వేళ వ్రాసి తపాలాలో పంపవచ్చును. కాంకార్డు విమానపు 'బ్లాక్ బాక్సు'కు కావలసిన ప్రోగ్రాములు ఇట్లు ఇండ్లలో కూర్చున్న స్త్రీలు వ్రాసినవే.

అయినను స్త్రీ పేరుతో పోయిన జాబులకు వర్తకులనుండి బదులు రాకుండెను. భర్త సలహాపై ఆమె 'స్టీవ్' అని సంతకము చేయసాగెను, జవాబులు వచ్చెను! టెలిఫోనులో పసివాని ఏడ్పు వినబడకుండ టైపుమిషను చప్పుడును టేపుమీద పట్టి వినిపించెడిది. రేడియో నాటకములు వినువారికి ఈ ఉపాయము కొత్తది కాదు.

సొంత వ్యాపారమున శ్రమ తక్కువని భ్రమపడరాదు. కుమారునికి తీవ్రమైన ఆటిజము ఉన్నట్లు తేలెను. ఇంటి బరువు, సంస్థ బరువు కలిసి ఒకప్పుడు ఆమె ఆరోగ్యమునే క్రుంగదీసెను. సంస్థ మాత్రము నిలిచెను. తొలి 300 మంది సిబ్బందిలో 297 మంది స్త్రీలే. స్త్రీపురుష భేదము పాటించరాదని 1975లో చట్టము వచ్చినప్పుడు, స్త్రీల కొరకే వెలసిన ఆ సంస్థ పురుషులకును తలుపులు తెరువవలసి వచ్చెను.

శ్రీమతి షర్లీ 2025లో కన్నుమూసెను. ఆమె పిలుపునకు వచ్చిన తల్లులకు పనియందు అనురాగము ఏనాడును తగ్గలేదు. కార్యాలయపు గడియారము వారి ఇంటి గడియారముతో కలియలేదు, అంతే. వేళను తమ చేతిలోనికి తెచ్చుకొనుటకు వారికి మిగిలిన మార్గము అదియే. ఒక తల్లి కొలువు మానినదని విన్నప్పుడు, ఆమె ఏల మానినదని అడుగుటతో ఆగక, ఆ కొలువు ఆమెకు ఏ వేళను మిగిల్చినదని కూడ మనము అడుగవలెను.