యాత్రికుని రూపాయి

“కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము” అని మన పెద్దలనుచుండిరి. రైలుబండి లేని కాలమున పుట్టిన మాట యిది. దారి దూరము, దొంగల భయము, రోగభయము, తీర్థస్థలమున జనసమ్మర్దము, వీనికి తోడు మూటలోని సొమ్ము చాలునో చాలదో యను దిగులు, ఇన్నిటి ననుభవించినవారి నోట వచ్చినది. ఈనాడు విమానమెక్కి రోము నగరమునకో, కాంబోడియాలోని అంగకోరునకో పోయి రాదలచిన సామాన్య కుటుంబీకునకు దూరము తగ్గినది. దొంగల భయమును కొంత తగ్గినది. జనసమ్మర్దము, సొమ్ము చాలమి అను రెండు చిక్కులు మాత్రము తగ్గలేదు. వీనికి దీర్ఘమైన చరిత్ర కలదు. దానిని కొంచెము విచారింతము.

విదేశమను మాటకు అర్థము కాలమును బట్టి మారుచుండును. మేము నివసించు ఉప్పర్వాహి నేడు మహారాష్ట్రమున చంద్రపుర జిల్లాలోని కోర్పనా తాలూకాలో నున్నది. 1956 వరకు ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాకు చెందిన రాజురా తాలూకాలోనిది. 1830 నాటికి వార్ధానదికి ఈవలి గట్టు నిజాము రాజ్యము. ఆవలి గట్టు నాగపురపు భోంసలేల రాజ్యము. ఆనాటి చాందాయే నేటి చంద్రపురము. అచ్చటి మహాకాళిని చైత్రమాసపు జాతరలో సేవింపదలచిన ఈ ప్రాంతపు తెలుగువాడు నది దాటి పరరాజ్యమున అడుగు పెట్టవలసినదే. జాతరకు కాలినడకను, తిండిమూటతో పోయిన ఆ భక్తుడే మనలో మొదటి అల్పవ్యయ విదేశయాత్రికుడని చెప్పిన తప్పు లేదు.

ఆ 1830వ సంవత్సరముననే మే 18వ తేదీన చెన్నపురి నుండి ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశికి బయలుదేరిరి. వారు సుప్రీముకోర్టులో దుబాసీ. వెంట సుమారు నూరుమంది పరివారము. హైదరాబాదు, నిర్మల, నాగపురము, జబల్పూరు మీదుగా ప్రయాగకు, కాశికి పోయి, గయ, కలకత్తా, పురీ జగన్నాథముల మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. వారిది పేదవాని యాత్ర కాదు. అయినను పేదవానికి మిక్కిలి ఉపకరించు పని వారు చేసిరి. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊరిలో సరకులు దొరకును, ఎచ్చట బస కుదురును, ఏ నది నెట్లు దాటవలెను అను సంగతులను నాటికి నాడు వ్రాసి, మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుచు వచ్చిరి. ఆ వ్రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయినవి. ధనికుడు తెలియకపోయి నష్టపడినను తట్టుకొనగలడు. బీదవానికి ముందుగా తెలిసిన ప్రతి సంగతియు మిగిలిన ప్రతి కాసుతో సమానము.

వీరాస్వామయ్యగారు పోయిన నాటికి తీర్థములలో కుంపిణీవారు యాత్రికుల నుండి పన్ను తీయుచుండిరి. ప్రయాగలో కాలినడకను వచ్చినవానికి ఒక రూపాయి. ఏనుగుపై వచ్చినవానికి ఇరువది రూపాయలు. జగన్నాథమున 1809 నాటి నిబంధనము ప్రకారము యాత్రికులను తరగతులుగా విభజించిరి. మొదటి తరగతివాడు ఉత్తరదేశము నుండి వచ్చినచో 10 రూపాయలు, దక్షిణదేశము నుండి వచ్చినచో 6 రూపాయలు చెల్లించవలెను. పన్ను హెచ్చిన కొలది దర్శనమునకు గడువు హెచ్చును. స్వామి అందరివాడే గాని, ఆయనను తీరికగా చూచుట మాత్రము సొమ్ముగలవానికే. నిరుపేదలకు పన్ను మినహాయింపు లేకపోలేదు. ఉన్నవాడును లేనివాడును కాని నడిమివానిపైననే బరువు పడెను. ప్రయాగ, గయ, జగన్నాథముల యందలి ఈ పన్నును 1840లో చట్టము ద్వారా రద్దు చేసిరి.

ఇది మన దేశపు వింత యని తలపరాదు. రోము నగరమున 1300వ సంవత్సరములో ఎనిమిదవ బోనిఫేసు పోపు మొదటి జూబిలీని ప్రకటించెను. పీటరు, పాలు అను అపొస్తలుల దేవాలయములను పురవాసులు 30 దినములు, బయటివారు 15 దినములు దర్శించిన పాపశిక్ష తొలగునని ఆజ్ఞ. పరదేశి నగరమున నిలువ గలిగిన కాలము తక్కువ యని గ్రహించి నియమమును సగము చేయుట గమనింపదగినది. జనము ఎంత వచ్చిరనగా, టైబరు వంతెనపై పోవువారిని ఒక ప్రక్కను, వచ్చువారిని ఒక ప్రక్కను నడిపించిరి. మహాకవి డాంటే ఈ ఏర్పాటును తన కావ్యమున ఉపమానముగా వాడెను. ఆ జాగ్రత్త ఎల్లప్పుడు నిలువలేదు. 1450 జూబిలీలో, డిసెంబరు మాసమున, అదే వంతెనపై త్రొక్కిసలాట జరిగి సుమారు రెండువందలమంది మరణించిరి. ఆ పిమ్మట వంతెన మొదట ఇరుకు చేయుచున్న కట్టడములను తొలగించి విశాలము చేసిరి. మన ప్రయాగలో 1954 ఫిబ్రవరి 3వ తేదీన, మౌని అమావాస్యనాడు, వందలమంది ప్రాణములు పోయినవి. జనసమ్మర్దమును దైవేచ్ఛగా విడిచిపెట్టిన చోటనెల్ల చచ్చినవారిలో నడిచి వచ్చినవారే ఎక్కువ.

ఈ మహాకట్టడములు ఎవరి సొమ్ముతో లేచినవని కూడ అడుగవలెను. రోములో నేటి సెంటు పీటరు దేవాలయమునకు 1506లో పునాది వేసిరి. దాని వ్యయము కొరకు పదియవ లియో పోపు కాలమున పాపవిమోచన పత్రములమ్మిరి. వానిని కొన్నవారిలో రైతులు, చేతిపనివారు అనేకులు. 1517లో మార్టిన్ లూథరు తిరుగబడినది ఆ వ్యాపారముపైననే. చంద్రపుర మహాకాళి ఆలయమును గోండు రాణి హీరాయి కట్టించెనందురు. కట్టించినది రాణి యైనను, జాతర జాతరకు దానిని నిలిపినది వచ్చిపోవు జనము సమర్పించు కానుకయే. కాబట్టి పెద్ద కోవెల ముందు వరుసలో చిన్న సంచితో నిలిచినవాడు అచ్చట అనాహూతుడు కాడు. వాని వంటివాని కాసులు ఆ గోడలలోనున్నవి.

సొమ్ము తక్కువైన వానికి చరిత్ర రెండు సహాయములను చూపుచున్నది. మొదటిది ఆశ్రయము. రోములో ఫిలిప్పు నేరి 1548లో స్థాపించిన సమాజము 1575 జూబిలీలో బీద యాత్రికుల కాళ్లు కడిగి, కూడు పెట్టి, పడక నిచ్చెను. కాశిలో ఆంధ్రాశ్రమము మనవారికి చేయుచున్న పనియు అట్టిదే. రెండవది వీరాస్వామయ్యగారు నేర్పిన ముందెరుక. సెంటు పీటరు దేవాలయ ప్రవేశమునకు రుసుము లేదు. మైకెలాంజిలో 1508 నుండి 1512 వరకు శ్రమించి చిత్రించిన సిస్టీను మందిరపు కప్పును చూచుటకు వాటికను ప్రదర్శనశాలల టిక్కెట్టు కావలెను. సాధారణముగా ప్రతి మాసపు చివరి ఆదివారమున అదియు ఉచితము. అయితే ఉచితమైన నాడు వరుస పొడవు. నాడు జగన్నాథమున పన్ను తగ్గినచో గడువు తగ్గెను. నేడు రోములో టిక్కెట్టు తప్పినచో గంటలు తప్పవు. వెల మారినది గాని బేరము మారలేదు.

అందుచే దూరదేశములు చూచి వచ్చిన మన సంఘసభ్యులకు మా విన్నపమొక్కటి. తెచ్చిన ఛాయాచిత్రములతో పాటు ఎంత ఖర్చయినది, ఏ వేళ పోయిన సమ్మర్దము తక్కువ, ఎచ్చట అన్నము దొరకును అను సంగతులను వ్రాసి సంఘమున ఉంచవలెను. దుబాసీగారి ఉత్తరములు కాశీ దారిని తెలుగువారికి దగ్గర చేసినట్లు, ఆ కాగితములు రేపు మరియొక కుటుంబమునకు దారి చూపగలవు.