విండ్సరులోని క్రిస్మస్ వృక్షము

ఇంగ్లండులో ఇంట క్రిస్మస్ వృక్షము నలంకరించు ఆచారము విక్టోరియా రాణి భర్త ఆల్బర్టుతో వచ్చినదని పలువురి తలంపు. ఆయన పుట్టుకకు పూర్వమే, 1800 డిసెంబరులో, మూడవ జార్జి భార్య షార్లెట్ రాణి విండ్సరులోని తన నివాసమున పిల్లలకు విందు చేసెను. ఆమె పుట్టినిల్లు జర్మనీలోని మెక్లెన్‌బర్గ్. అచట యూ చెట్టు కొమ్మ నలంకరించుట వాడుక. రాణి కొమ్మకు మారుగ చెట్టునే తొట్టిలో నిలిపించెను. బాదము పప్పులు, ఎండుద్రాక్షలు కాగితపు పొట్లములలో కట్టించి, పండ్లు, బొమ్మలు వ్రేలాడదీయించి, చిన్న మైనపు వత్తులు వెలిగింపించెను. పిల్లలు చుట్టును తిరిగి చూచి మురిసిన పిదప ఒక్కొక్కరికి మిఠాయియు, బొమ్మయు లభించెను.

1848లో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రిక చెట్టు చుట్టును నిలిచిన విక్టోరియా కుటుంబపు చిత్రమును ప్రకటించెను. అంతట ఆచారము సామాన్యుల ఇండ్లకు ప్రాకెను. కీర్తి ఆల్బర్టుకు దక్కెను. చిత్రమున కెక్కని షార్లెట్ విందు మరుగున పడెను.