గంజాయి చిల్లర విక్రయాల నియంత్రణ : పేర్ల చరిత్ర

1893లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో డబ్ల్యు.ఎస్. కేన్ లేవనెత్తిన ప్రశ్న ఫలితంగా భారత ప్రభుత్వం గంజాయి వినియోగంపై విచారణ సంఘాన్ని నియమించింది. మొదట బెంగాల్‌కే ఉద్దేశించిన విచారణ తరువాత దేశమంతటికీ విస్తరించింది. డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షత వహించిన ఈ సంఘంలో ఏడుగురు సభ్యులు. వారిలో ముగ్గురు భారతీయులు. 1,193 మంది సాక్ష్యాలను పరిశీలించి 1894లో సంఘం నివేదిక సమర్పించింది. నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదని అధిక సంఖ్యాకులు నిర్ణయించగా, రాజా శశిశేఖరేశ్వర్ రాయ్, లాలా నిహాల్‌చంద్ విభేదిస్తూ విడిగా తమ అభిప్రాయాలు రాశారు. ఈ నివేదికను ఉదారమైనదని ప్రశంసించేవారు ఈ భిన్నాభిప్రాయాలను సాధారణంగా ప్రస్తావించరు.

నివేదిక సూచించిన నియంత్రణ ప్రధానంగా దుకాణం చుట్టూ అల్లుకున్నది. సరుకు తూకంపై సుంకం, అమ్మకపు హక్కుకు వేలంపాట, లైసెన్సుతోనే సాగు, దుకాణాల సంఖ్యకూ ఒక వ్యక్తి దగ్గర ఉంచుకోదగిన పరిమాణానికీ హద్దు: ఇవి దాని అంగాలు. పాటదారుకు అమ్మకం పెరగాలి. ఏలికకు ఆదాయం తగ్గకుండా వాడకం తగ్గాలి. ఈ వైరుధ్యాన్ని ఆబ్కారీ విధానం పరిష్కరించలేదు, సుంకంగా మార్చుకున్నది. మద్రాసు రాజధానిలో నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు ప్రాంతం గంజాయి సాగుకు పేరుపొందింది కనుక ఈ చరిత్ర తెలుగు నేలకు పరాయిది కాదు.

అంతకన్నా ముఖ్యమైనది పేర్ల సమస్య. ఆకు భంగు, పూతకొన గంజాయి, జిగురు చరస్: పాలనావ్యవస్థ ఒకే మొక్కను ఇలా విడదీసి వేర్వేరు నిబంధనలు విధించింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనూ ఈ విభజన నిలిచింది. పూతకొనలతో కలిసి లేని ఆకులూ గింజలూ ఆ చట్టపు ‘గంజాయి’ నిర్వచనంలోకి రావు. కొన్ని ఉత్తరాది రాష్ట్రాలలో భంగు దుకాణాలు లైసెన్సుతో నడవడానికి ఆధారం ఇదే. తెలుగులో మాత్రం మొక్కకూ మత్తుకూ గంజాయి అన్న మాటే చెల్లుతున్నది. చట్టం గీసిన గీత మన వాడుకలో కనిపించదు.

2021లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ‘హెంప్’ గింజలకు, వాటి నూనెకు ప్రమాణాలు నిర్ణయించింది. ఆ గింజలను ‘జనుము’ అని అనువదిస్తే అది పచ్చిరొట్టకూ నారకూ రైతు వేసే వేరొక మొక్క అవుతుంది. ‘గంజాయి గింజలు’ అంటే చట్టం మినహాయించినదానికే నేరపు ఛాయ అంటుతుంది. దుకాణంలో సీసాపై అతికించే చీటీకి ఈ రెంటిలో ఏదీ సరిపోదు.