నావికులు - శ్వాసజాడ్యములు

మశూచి సోఁకిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టి, పరులను లోనికి రానీయని కట్టుబాటు మన గ్రామములందుండెడిది. ఓడలో నిది సులభము కాదు. ఇఱుకు గదులలో నావికులు పడకపై పడకగా శయనింతురు. ఒకని దగ్గు పదిమందికి సోఁకును.

మొదటి ప్రపంచయుద్ధపు చివరియేఁట, 1918 జూన్ మాసమున, ఇన్‌ఫ్లుయెంజా జ్వరము బొంబాయి రేవున దిగెను. రేవున కాపున్న వానితోఁగూడ ఏడుగురు పోలీసు సిపాయిలు ఆసుపత్రిఁ జేరిరి. పిదప నది రైళ్ల వెంట దేశమెల్ల వ్యాపించి కోటిమందికి పైగా బలిగొనెను.

2020లో కొవిడ్ వచ్చెను. మార్చి మాసమున విశాఖపట్టణపు నౌకాదళము, విదేశములనుండి వచ్చినవారిని వేఱుగా నుంచుటకు, ‘విశ్వకర్మ’ కేంద్రమున సుమారు 200 మందికి వసతి యేర్పఱచెను. ఏప్రిలులో ముంబయి నౌకాదళ నివాసమున 20 మందికి పైగా నావికులకు వ్యాధి సోఁకుటతో నీ జాగ్రత్త యెంత యవసరమో తెల్లమయ్యెను. విశాఖ నౌకాదళపు డాక్‌యార్డు పనివారు ఒక్క సిలిండరునుండి ఆఱుగురు రోగులకు ప్రాణవాయువు నందించు సాధనమును గావించిరి. 2021 ఏప్రిలులో విశాఖ ఉక్కు కర్మాగారపు ప్రాణవాయువు రైలుపై మహారాష్ట్రమునకుఁ బోయెను.

జబ్బుపడిన నావికుఁడు వేఱుగా నుండుట పిఱికితనము గాదు, తోడివారిని గాచుటయే. ఇంటికిని, గ్రామమునకును ఇదియే నీతి: దగ్గు జ్వరములున్నవారు వేఱుగదిలో నుండవలెను, కిటికీలు తెఱచి యుంచవలెను.