సూర్యరశ్మి విద్యుత్తు - కొటేషనుల పరిశీలన



శ్రీకాకుళపట్టణమునకు చేరువనున్న అరసవల్లి సూర్యదేవాలయమును మీలో చూడనివారు అరుదు. 7వ శతాబ్దిలో కళింగమునేలిన గాంగరాజు దేవేంద్రవర్మ దానిని కట్టించెనని ప్రతీతి. ఏటేట మార్చి, అక్టోబరు నెలలలో కొన్నిదినములు ఉదయకిరణములు ద్వారమునుండి సూటిగా సాగి స్వామి పాదములను తాకును. సూర్యుని ఉత్తర దక్షిణ గతులను చక్కగా నెరిగినవారే అట్టి కట్టడమును నిలుపగలరు. నేడు మనము డాబాలపై సౌరఫలకములను నిలిపి, అదే సూర్యునివలన ఇంటికి దీపము తెచ్చుకొనుచున్నాము. అయితే పెక్కుమంది కొలతలు విచారింపక, కాగితముపై చివరనున్న ధర యొక్కటే చూచి బేరము ముగించుచున్నారు. వాడుకలో కొటేషను అనబడు ఆ ధరల పట్టికను ఎట్లు చదువవలెనో నేడు మనవి చేసెదను. ముందుగా ఈ విద్య మన ఊరి కెట్లు వచ్చినదో కొంత తెలియుట మేలు.

వెలుగు సోకుటచే విద్యుత్తు పుట్టునను సంగతిని 1839లో ఫ్రాన్సు దేశీయుడగు ఎడ్మండ్ బెకెరెల్ కనిపెట్టెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికానుతో సౌరఘటమును నిర్మించిరి. అది తనపై బడిన వెలుగులో నూటికి 6 పాళ్లు మాత్రమే విద్యుత్తుగా మార్చెడిది. 1958లో వాన్‌గార్డ్ అను ఉపగ్రహమున దానిని అమర్చిరి. వెల మిక్కిలి హెచ్చగుటచే చాలకాలము అది ఆకాశమునకే తగియుండెను గాని గృహస్థునకు అందలేదు. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట దేశదేశములవారు దీనిపై దృష్టి నిలిపిరి. మనదేశమున 1974లో నెలకొన్న సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో తొలి సౌరఘటమును, మరుసటియేట తొలి ఫలకమును తయారుచేసెను. నేటి ఫలకములు నూటికి 20 పాళ్లకు మించి ఇచ్చుచున్నవి.

ఇక మన ప్రాంతము. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. నాటనుండి కొండలలో పుట్టిన విద్యుత్తు తీగలవెంట మైదానమునకు దిగివచ్చుచున్నది. ఆ తీగకు ఈవలనున్న గృహస్థుడు కొనువాడేగాని ఇచ్చువాడు కాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో ప్రకటించిన సౌరవిద్యుద్విధానమున నెట్ మీటరు పద్ధతికి చోటు కలిగినది. తాను వాడగా మిగిలినదానిని గృహస్థుడు తీగలోనికి పంపి, లెక్కలో చెల్లువేసికొనవచ్చును. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ఆరంభించెను. అందు మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000 రూపాయలు, వెరసి 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయించిరి. అప్పటినుండి కొటేషనులు చేతబట్టుకొని అమ్మకపువారు పల్లెలకును వచ్చుచున్నారు.

సంతలో ఎద్దును కొనునప్పుడు మనమేమి చేయుదుము? పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి, ఆ మీదటనే వెల మాటాడుదుము. కొటేషనునకును ఆ పరీక్షయే తగినది.

మొదటి పరీక్ష లెక్క. మూడు కిలోవాట్లకు ఒకడు 1,10,000 అనియు, వేరొకడు 1,95,000 అనియు వ్రాసియిచ్చిరనుకొందము. చూపునకు భేదము 85,000. విచారింపగా మొదటివాడు ప్రభుత్వసహాయమును ముందే తీసివేసి వ్రాసినాడు. అతని 1,10,000కు 78,000 కలిపినచో 1,88,000 అగును. నిజమైన భేదము 7,000 మాత్రమే. ఆ సహాయధనము పని పూర్తియై, తనిఖీ జరిగిన పిదప గృహస్థుని బ్యాంకు ఖాతాలో పడును. కనుక అప్పుచేసియైనను మొదట పూర్తి వెల సమకూర్చుకొనవలసినవాడు గృహస్థుడే. పన్ను, నెట్ మీటరు ఖర్చు, ఎర్తింగు, పిడుగునుండి కాపాడు కడ్డీ ఇందులో చేరినవా లేదా యని ఇరువురినీ అడుగుడు. చేరనిచో ఆ 7,000 భేదము తలక్రిందులు కావచ్చును.

రెండవ పరీక్ష సరకు. ఫలకముల సంఖ్యను ఒక్కొక్కదాని వాట్లచే గుణించి చూడుడు. 540 వాట్లవి ఆరైనచో 3,240 వాట్లు. ఐదైనచో 2,700 మాత్రమే. ఫలకములును, వానిలోని ఘటములును మనదేశమున తయారైనవి కానిచో పథకపు సహాయము రాదు. ఫలకములకు 25 ఏండ్ల హామీ యని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. అది సాధారణముగా విద్యుత్తు ఎంత తగ్గకుండ వచ్చునో చెప్పు హామీ. ఫలకమే చెడినచో మార్చియిచ్చు హామీ వేరు, ఇన్వర్టరు హామీ వేరు. వాని గడువులు తక్కువ. ఒక్కొక్క గడువును విడిగా వ్రాయించుకొనుడు.

మూడవది మన సీమకు ప్రాణప్రదమైన పరీక్ష. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు గాలివేగము గంటకు 140, 150 కిలోమీటర్లుండెను. ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలగూలినవి. విద్యుత్ స్తంభములు వేలకొలది ఒరిగినవి. భారతీయ ప్రమాణములలో విశాఖపట్టణమునకు నిర్ణయించిన మూలవాయువేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. వెల తగ్గింపదలచినవానికి సులభముగా దొరకు మార్గము ఫలకముల క్రింది ఇనుపచట్రమును పలుచన చేయుట. అది ఎండలో కనబడని లోపము, గాలిలో బయటపడును. ఊడిన ఫలకము మన ధనమును పోగొట్టుటయేగాక పొరుగువాని ప్రాణమునకు ముప్పు తెచ్చును. కావున చట్రము ఎంత గాలికి ఆగునో, ఇనుమున కెంత మందమున జింకుపూత వేయుదురో, శ్లాబులో ఎట్లు బిగింతురో కాగితముపై వ్రాయింపుడు. సముద్రపు ఉప్పుగాలి తగులు గ్రామములలో ఈ పూత మరింత ముఖ్యము.

ఇంకొక భ్రమను తొలగింపవలెను. తుపానువేళ ఊరంతయు చీకటియైనను మన ఇంట దీపము వెలుగునని కొందరు తలచెదరు. బ్యాటరీ లేక, తీగకు కలిపిన సాధారణ ఏర్పాటు తీగలో విద్యుత్తు పోగానే తానును ఆగిపోవును. ఇది లోపము కాదు. ఆగనిచో మన ఇంటి విద్యుత్తు తెగిన తీగలోనికి పారి, దానిని బాగుచేయు లైనుమాను ప్రాణమునకే ముప్పగును. చీకటిలోను దీపము కావలెనన్న బ్యాటరీయు, దానికి తగిన ఇన్వర్టరును వేరుగా కొనవలెను. ఆ వెలను వేరుగా పోల్చవలెను.

కడపట ఒక్క మాట. డాబా ఎక్కి చూడకయే ధర చెప్పువాని కాగితమును నమ్మకుడు. మన అక్షాంశమున ఫలకములు దక్షిణముఖముగా కొంచెము వాలియుండవలెను. ప్రక్కనున్న కొబ్బరిచెట్టు నీడ ఒక్క ఫలకముపై బడినను, వరుసలోని తక్కినవాని ఫలము కూడ తగ్గవచ్చును. పథకమున నమోదైనవారినుండి మూడు కొటేషనులు తెప్పించి, ఒకే కాగితముపై గడులు గీసి, వాట్లు, చట్రము, హామీలు, పూర్తి వెల వరుసగా వ్రాయుడు. ఏ గడి ఖాళీగా నున్నదో దానినిగూర్చి అడుగుడు. అమ్మకపువాడు నోటితో చెప్పిన సమాధానమును సంతకముతో వ్రాయించుకొని, ఆ పిమ్మటనే బయానా ఇయ్యుడు.